సంచిలో ఏముండాది

తాడిపత్రి బస్సులో మరిచింది ఓబుళమ్మ,
అనంతపురం డిపోకి పోయింది నేను.

కంట్రోలరు పచ్చ సంచిని మెడపట్టి ఎత్తినాడు.
"మీదేనంటే నమ్ముతా ప్పా,
లోపల ఏముండాదో చెప్పు, రాసుకోవల్ల."

బుడ్డల పొడి డబ్బా, అన్నాను.
ఉండాది.
దువ్వెన, అన్నాను, ఆడోళ్ళ సంచి కదా అని.
లేదు.
ఆ మీదట నోరు పెగల్లేదు.
బీరువాలో మూడు గొడుగులు, ఎవరిదో ఒంటి చెప్పు
నా జవాబుకే కాచుకున్నట్టుండాయి.

ఆయనే ఒక్కోటీ తీసి బల్లమీద పెట్టినాడు.
కాడ విరిగితే దారం చుట్టిన కళ్ళద్దాలు.
ఎప్పట్నుంచి కళ్ళు ఆనడం లేదు ఆమెకి?
కుట్టు పరీక్ష ఫారం,
పుట్టిన తేదీ దగ్గర పెన్ను ఆగిపోయింది.
నా పాత చొక్కాల గుండీలు, పొట్లం కట్టి.
అడుగున రెండు టికెట్లు, ధర్మవరానివి, పోయిన నెలవి.
ధర్మవరంలో మాకెవరూ లేరు.

"ఇంటికి ఫోన్ చేసుకో ప్పా" అన్నాడు, జాలిగా.
పొయ్యి ముందర నుంచే ఆమె
పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుంటా పోయింది,
గుండీలు ఎన్నో కూడా.
టికెట్ల మాట ఎత్తలేదు.

పుస్తకంలో "అన్నీ ముట్టినాయి" అని రాసి
సుంకన్న అని సంతకం పెట్టినాను.

బరువు చూస్తే ఏమీ లేదు.
ఎడం చేతి నుంచి కుడి చేతికి
మార్చుకుంటానే ఇంటిదాకా నడిచినాను.