వేణ్ణీళ్లు

మొన్న రాత్రి పదింటికి నిజాంపట్నం దగ్గర గట్టెక్కింది.
గట్టెక్కాక, గాలి తీసిన ట్యూబులా చతికిలబడిందన్నారు.
తుఫాను తీవ్ర వాయుగుండమైంది,
తీవ్ర వాయుగుండం ఉత్త వాయుగుండమైంది,
నిన్న తెల్లారేసరికి అల్పపీడనం.
కొలువు ఊడిన ఆఫీసరుకి
ఒక్కో బిరుదూ కొట్టేసినట్టు.

గుంటూరు చుట్టుగుంటలో మాది పరదాల అద్దె కొట్టు.
రోజుకి పట్టాకి నలభై. చిరిగితే ఇంకో ఎనభై.
నా ఖాతా పుస్తకంలో ఎడమ పేజీ మనుషులకి,
కుడి పేజీ దానికి.
మూడు గంటలకోసారి అక్షాంశం, రేఖాంశం,
గాలి ఎంత, ఎటు.
రాయమని నన్నెవరూ అడగలేదు.
ఏ పట్టా ఏ కళ్లంలో ఉందో రాసుకునేదాన్ని,
దాన్ని అక్కడికి పంపిందెవరో రాసుకోవద్దూ?

నిన్న పొద్దున ఎండొచ్చింది,
అప్పుడే తోమి బోర్లించిన స్టీలు గిన్నెలాంటి ఎండ.
ఒక్కొక్కరే తెచ్చి పడేశారు.
ఏటుకూరు సామ్రాజ్యం పన్నెండు,
వట్టిచెరుకూరు ఏసుపాదం ఏడు,
వాటిలో ఒకటి మాది కాదు, దాని చిరుగు నేనెరగను.
"దరిద్రం వదిలింది పద్మావతీ" అంది సామ్రాజ్యం,
చిల్లర కొంగున ముడేసుకుంటూ.
మడతలు విప్పితే చెంబెడు నీళ్లు,
మూడు తేజా కాయలు, ఒక కప్పపిల్ల.
బాజీ నవ్వుకుంటూ అన్నిటినీ డాబా మీద ఆరేశాడు.
తుమ్ముతూనే నవ్వాడు.

రెండున్నరకి ఫోన్లో ఆ తెల్లమచ్చ
విస్తరి ముందునుంచి చెయ్యి కడుక్కోడానికి లేచినట్టు
సముద్రం వైపు జరిగింది.
కాస్తే. వేలితో చెరిపేయగలిగేంత.
వేణ్ణీళ్లకి చన్నీళ్లు తోడంటారు గానీ
దీనికి ఆ తోడు అక్కర్లేదు.
మన నేలంతా తిరిగి, చల్లబడి, ఒళ్లు విరిగి
మళ్లీ ఆ వేణ్ణీళ్లకే పోయింది.
నీళ్లు ఇరవై ఎనిమిదిన్నర డిగ్రీలట.
చంటిదానికి తొరిపితే
మోచేత్తో చూసి "చాల్లే" అనుకునే వేడి కూడా కాదు.
దానికి చాలు.

అయిదున్నరకి ఒక బిరుదు తిరిగొచ్చింది.
కుడి పేజీలో రాశాను.
ఎడమ పేజీలో ఏం రాయను?
ఫోను చేస్తే బేరానికి చేశాననుకుంటుంది.
చెయ్యకపోతే, కళ్లంలో తొలి కోత
ఎర్రగా, నోరు తెరుచుకుని పడుకునుంటుంది.
చేశాను.
"నలభై రూపాయల కోసం
సముద్రాన్ని కూడా వెనక్కి తిప్పుతావే!" అంది,
అవతల ఎవరితోనో అదే మాట మళ్లీ చెప్పి నవ్వింది.
టీవీలో ఇంకా తేరుకుంటున్న జిల్లాలని చూపిస్తున్నారు.

నేనూ ఒక నిజం ఒప్పుకోవాలి.
ఆ మచ్చ వెనక్కి తిరిగినప్పుడు
నా లోపల ఏదో చిన్నది
డబ్బాలో చిల్లర కదిలినట్టు కదిలింది.
దాన్ని ఏ పేజీలో రాయాలో తెలీక
పుస్తకం మూసి కాసేపు దానిమీద కూర్చున్నాను.

ఎనిమిదిన్నర. ఇంకో బిరుదు.
మధ్యలో నల్లటి చుక్క ఉందో లేదో,
అద్దాలు తుడిచి చూశాను, ఫోను తుడిచి చూశాను.
ఆటో పిలిచి పన్నెండు పట్టాలు ఏటుకూరు పంపాను.
ఎడమ పేజీలో సామ్రాజ్యం పేరు రాశాను,
పక్కన అంకె వెయ్యలేదు.
ఆటోవాడు మాత్రం నూటయాభై రొక్కం పుచ్చుకున్నాడు.

పదకొండున్నర లెక్క ఇంకా రాలేదు.
బయట ఆకు కదలడం లేదు.
మిగిలిన పట్టాల దొంతి మీద బాజీ నిద్రపోయాడు,
దుప్పటి అడగలేదు.
వాటిల్లో నిన్నటి ఎండ
ఇంకా చల్లారలేదు.