గదులు కలవు

మొదటి షరతు నాదే:
చట్రానికి ఒక్క తూటు కూడా పడకూడదు.

కుళ్ళాయప్ప డ్రిల్లు మిషను పక్కన పెట్టి
బీడీ చెవి మీదికి ఎక్కించుకున్నాడు.
"యాభై ఏండ్ల ముసిల్దానికి ఇప్పుడు ముక్కు కుట్టమంటే
నేనూ ఒప్పుకోను సామీ.
తగిలిద్దాం. తగిలిచ్చినట్టు దానికే తెలీకుండా."

గుత్తిలో, లారీలకు బాడీలు కట్టే షెడ్ల నడుమ అతని కొట్టు.
ఆషాఢం గాలి రేకుల్ని ఎత్తి దించుతోంది,
ఎత్తి దించుతోంది,
లోపల ఎవరున్నారో చూసిపోదామన్నట్టు.

ఈ గాలికే నేను ఓడిపోయింది.
మాఘంలో నిమోనియా. అనంతపురం పెద్దాసుపత్రి,
ఇరవై రెండు దినాలు, కిటికీ పక్క మంచం.
పంపించేటప్పుడు డాక్టరమ్మ పెన్ను మూస్తా అనింది:
"ఛాతీకి గాలి తగలనీయద్దు. ఆ బండి అమ్మేయండి."
మొదటి మాట వరకే విన్నాను.

జావా. అరవై తొమ్మిదో మోడలు.
కిక్ కొట్టే కడ్డీనే మడిస్తే గేరు.
లేపేదీ అదే, నడిపేదీ అదే.
పశువుల ఆసుపత్రి కాంపౌండరుగా
ముప్పై ఏండ్లు దీని మీదే తిరిగినాను,
వెనక ఐసుగడ్డల్లో టీకాల డబ్బా,
ముందు ఏమీ లేదు.
ముందెప్పుడూ ఏమీ లేదు.

తొడుగు తాడిపత్రిలో పోయించినాడు
కూలరు డబ్బాలు పోసే మనిషి దగ్గర.
అద్దానికి డబ్బు చాల్లేదు.
షెక్షావలి, కొట్లో పనిచేసే పిల్లోడు,
కూలగొట్టిన లాడ్జి బోర్డు నుంచి
అక్రిలిక్ పలక ఒకటి మోసుకొచ్చి
పొయ్యి సెగకు కాచి, కడవ మీద వంచినాడు.
అక్షరాలు ఎప్పుడో పీకేసినారు. జిగురు మాత్రం పోలేదు.
కిరసనాయిలు, నిమ్మచెక్క, గోరు.
పోలేదు.

నాలుగు క్లాంపులు.
క్లాంపుకీ ఇనుముకీ నడుమ సైకిలు ట్యూబు ముక్క,
గాజులు తొడిగే ముందు చేతికి సబ్బు రాసినట్టు.
రెక్కల నట్లు ఎనిమిది. స్పానరు వద్దు, వేళ్ళు చాలు.
హ్యాండిలు ఎడమకు తిప్పితే క్లచ్చి తీగ అంచును కరిచింది.
రంపంతో నెలవంకంత కోసినాడు.
తెల్ల పొడి కనురెప్పల మీద పడి
కుళ్ళాయప్ప కాసేపు నాకంటే ముసలోడైనాడు.

"పామిడి దాకా పోయి రా సామీ."

నలభైలో గాలి రెండుగా చీలింది.
మోచేతుల పక్కనుంచి పోయింది, చొక్కా గుండీ కదల్లేదు.
గాలి పోయినచోట చప్పుడు మిగిలింది.
ఠక్. ఠక్. పిస్టను,
ఎన్నాళ్ళనుంచి కొట్టుకుంటోందో.
దాని అడుగున ఇంకొకటి, తడిగా, ఎగదోస్తా.
అది నాది.
ఇన్నేండ్లూ ఒకరిది ఒకరికి వినపడకుండా
భలే సంసారం చేసినాం.

పెన్న వంతెనకు ఇవతల టీ బంకు.
బండి తూర్పుకు తిప్పి నిలిపినాను.
ఎండ అద్దంలోంచి దిగి ట్యాంకు మీద పడింది.
ఎర్రరంగు మీద ఏదో జిగురు నీడ, నాకు తలకిందులుగా.
గ్లాసు చేత్తో పట్టుకుని ఎదురుగా వచ్చిన సుంకులమ్మకు
నేరుగా.
రాత్రి బడిలో నేర్చుకున్న చదువు, కూడబలుక్కుంది:
"గ... దు... లు... కలవు.
ఎన్ని గదులన్నా?"

"రెండు," అన్నాను.
"ఒకటి రిపేర్లో ఉంది."

తిరిగొస్తా, కోట కనబడే మలుపులో ఆగి
ఎనిమిది నట్లూ విప్పినాను.
తొడుగు వెనక సీటుకు కట్టినాను.
చివరి రెండు మైళ్ళు ఏ అడ్డమూ లేకుండా,
దగ్గుకుంటా.

కుళ్ళాయప్ప ఏమీ అడగలేదు.
క్లాంపులు పట్టిన చోట చట్రాన్ని వేలితో తడిమి చూసినాడు.
గీత లేదు.
తరువాత నట్లు లెక్కపెట్టినాడు. ఏడు.
బంకు దిక్కు, రోడ్డు దిక్కు చూసినాడు.

ఎనిమిదోది నా పిడికిట్లో వెచ్చగా ఉంది.
అప్పుడే ఇయ్యబుద్ధి కాలేదు.