కెటిల్ కాగేలోపు

నారిన్ ఊళ్ళో పశువుల ఆసుపత్రి కంప్యూటర్
తెరుచుకోవడానికి పదకొండు నిమిషాలు.
డాక్టరు తోక్తోసున్ బైకె లెక్కపెట్టి మరీ చెప్పాడు:
"మీట నొక్కి, కెటిల్ పెట్టి, టీ కలుపుకుని,
ఒక గొర్రెల కాపరి గోడు మొత్తం విని
తల తిప్పితే అప్పుడొస్తుంది, బురుల్,
ఆ నీలం తెర."

నా సంచిలో ఒక స్క్రూడ్రైవరు, పెయింట్ బ్రష్షు, ఖాళీ డిస్కు.
ముందు మూత విప్పాను.
ఫ్యాను రెక్కల నిండా ఉన్ని.
ఆయన వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి,
"కొండ గొర్రెది, వసంతంలో రాలింది" అన్నాడు,
రోగం తేల్చినట్టు.

బ్రష్షుతో పోయింది బయటి మురికి.

లోపల,
యంత్రం ఇంకా కళ్ళు నులుముకోకముందే
ముప్పై ఏడు ప్రోగ్రాములు
పిలవని పేరంటానికి ముస్తాబై నిలబడ్డాయి.
ముగ్గురు వైరస్ కాపలాదార్లు
దొంగను వదిలేసి
ఒకరి జేబులు ఒకరు తడుముకుంటున్నారు.
ఎప్పుడో పాత ఇనుముకి పోయిన ప్రింటర్ కోసం
ఒకటి ఇంకా సిరా కొలుస్తోంది.
మరొకటి గంటగంటకీ లేచి
తనకి కొత్త చొక్కా ఏమైనా వచ్చిందా అని
ఎక్కడికో కబురంపుతుంది.
అరకాసు పనికి ముప్పాతిక బాడుగ.

వెంటనే కత్తెర పట్టను నేను.
ఒకసారి బజారులో చెత్తనుకుని తుడిచింది
ఒకామె రెండేళ్ళ తేనె లెక్కలు.
ఆమె నన్ను తిట్టలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.
అందుకే ముందు నకలు. ఆ తర్వాతే ఏదైనా.

"ఇది కావాలా?"
"వద్దు."
"ఇది?"
"అదేమిటో కూడా తెలీదు."
"కొత్త ఫోల్డర్ ఏడు?"
కళ్ళజోడు పెట్టుకున్నాడు. తెరిచాం.
గిట్టల ఫోటోలు. నూట పద్నాలుగు గిట్టలు,
ఒక్క గుర్రం మొహం లేదు.
"ఉండనీ" అన్నాడు. "వీళ్ళందరూ నాకు తెలుసు."

చిట్టచివర దొరికింది జర్మన్ నిఘంటువు.
యాభయ్యో ఏట నేర్చుకుందామని పెట్టుకున్నాడట,
మూడో పాఠం దగ్గర దూడల సీజను మొదలైందట.
అది మాత్రం మానలేదు.
తొమ్మిదేళ్ళుగా పొద్దున్నే ఒక మాట ఏరి,
అన్ని కిటికీల వెనక నిలబడి,
ఎవరూ చూడని చోట చూపిస్తోంది.

"తీసెయ్" అన్నాడు బయటికి చూస్తూ.
తీసేశాను.
నేను తలుపు దాకా వెళ్ళాక అడిగాడు:
"ఇవాళ్టి మాట ఏమిటో చూశావా?"
చూశాను. శుబ్‌కారె.
అంటే?
తోపుడు బండి.
"ఓహో" అన్నాడు. ఆ మాటను దాచుకోవడానికి
చోటు వెతుకుతున్నవాడిలా.

ఇప్పుడు నలభై సెకన్లు.
నేను గర్వపడ్డాను, దాచడం దేనికి.

వారం తర్వాత మిగతా డబ్బు కోసం వెళితే
కాలిచా అపా కుర్చీ అంచున కూర్చుని ఉంది.
"మా ఎర్ర గుర్రం…" అని మొదలుపెట్టిందో లేదో
తెర వెలిగింది.
ఆయన చూపు అటు తిరిగింది, ఆమె గొంతు ఆగింది.
పేరు, వయసు, పోయినసారి సూది, తేదీ.
మందు చీటీ చేతికొచ్చేసింది.
కెటిల్ ఇంకా చల్లగానే ఉంది.

గేటు దాకా పోయి తిరిగొచ్చింది ముసలమ్మ.
"రాత్రుళ్ళు నిలబడే ఉంటోందని చెప్పలేదు కదూ?
పడుకోవడం లేదు.
నా కొడవలి చప్పుడు వింటే ఇటు తిరిగేది,
ఇప్పుడు తిరగడం లేదు."

తోక్తోసున్ బైకె చీటీ వెనక్కి తీసుకున్నాడు.
తెరని రెండు చేతులతో పట్టుకుని
గోడ వైపు తిప్పాడు.
కెటిల్ మీట నొక్కాడు.

నాకు మూడో కప్పు కనిపించలేదు,
సిరంజీలు కడిగే గిన్నె పక్కన వెతుకుతున్నాను,
ఆమె అప్పటికే చెబుతోంది,
ఎర్ర గుర్రం పుట్టిన రాత్రి నుంచి.