నీళ్ల మీద నడిచేవి

సాన్ పేద్రో ఒడ్డున, మోకాలి లోతు సరస్సులో
మా అమ్మ కాందెలారియా చాకిరేవు రాయి.
దాని మీద నీలం పొడి నురగయ్యేది.
నేను నీటిపురుగుల్ని లెక్కపెట్టేదాన్ని,
సన్నకాళ్లతో నీళ్ల మీద నడిచేవి.
నురగ తాకగానే ఒక్కొక్కటీ
మెట్టు తప్పినట్టు లోపలికి జారిపోయేది.
"మునగడం నేర్చుకుంటున్నాయి" అనేది అమ్మ.
నమ్మాను.

ఇప్పుడు రాజధానిలో, గాజు నాళికలో
చిదిమిన అరటిపండు, చిటికెడు ఉప్పు,
అదే పొడి.
తల నీటి వైపు, తోక నూనె వైపు,
రెండిళ్ల చుట్టం ఈ అణువు; పస్తు మాత్రం ఉండదు.
కణం గోడా కొవ్వుదే కదా,
బంధువులా లోపలికొచ్చి
ఇల్లంతా విప్పేస్తుంది.
చల్లటి ఆల్కహాల్ పోస్తే
తెల్లటి పోగొకటి పైకి తేలింది.
అమ్మ మగ్గం మీది నూలు గుర్తొచ్చి
పుల్లకి చుట్టడం మరిచిపోయాను.

ఆ ఏడు సరస్సు పచ్చగా చిక్కబడింది.
పొడిలోని ఫాస్ఫేటు నాచుకి విందని ఫోన్లో చెప్పాను.
పడవ మోటారు చప్పుడు. చాలాసేపు.
"హోటళ్ల మురుగూ ఇందులోకే.
వాళ్లకి చెప్పావా?"

చెప్పలేదు.

ఆదివారం వెళ్తే, బట్టలు తొట్టిలో నానుతున్నాయి.
అమ్మ బకెట్టు మోసుకుంటూ గట్టెక్కి
సబ్బునీళ్లు కాఫీ మొక్కలకి దూరంగా, ఇసుకలో ఒంపుతోంది,
నన్ను చూడకుండా.
రాయి పొడిగా ఉంది.
పక్కన నీళ్ల మీద ఒకటి నిలబడింది.
లెక్క మొదలుపెట్టలేదు.