తొమ్మిదీ పదిహేడు

పాత మస్టరు బుక్కు అట్టకు
ఇప్పటికీ బీడీ వాసన.
దాన్ని రాసిన తిప్పేస్వామికి
చెవి మీద పెన్సిలు, జేబులో రబ్బరు.
ఎవురు వచ్చినారో పెన్సిలు చెప్పేది,
ఎవురు రానట్టో రబ్బరు చెప్పేది.

ఇప్పుడు రాయదుర్గం కొండ కింద
మా జీన్సు ఫ్యాక్టరీ గేటు కాడ
వేలు పెడితే కీచుమనే డబ్బా.
నూట ఎనభై రెండు వేళ్ళు, రోజుకు రెండు మార్లు.
నీలం రంగు దిగిన వేళ్ళను
అది ఒక్కోసారి గుర్తు పట్టదు.
"తుడుచుకోని మళ్ళీ పెట్టు తల్లీ" అంటాడు
వాచ్‌మన్ హొన్నూర్‌సాబ్.

ఆర్డర్లు తగ్గినాయి.
బళ్ళారి నుంచి ఓనరు ఫోను:
"ఆరు మందిని తగ్గించల్ల.
నువ్వేం తల పగలగొట్టుకోవద్దు,
పేర్లు కంప్యూటరే చెప్తాది."

చెప్పింది.
తెర మీద ఆరు ఎర్ర చుక్కలు.
లైను మూడు, సుంకమ్మ, ఎర్ర చుక్క.
ఆషాఢంలో పదకొండు రోజులు ఆలస్యం.
చుక్క గుండ్రంగా ఉంది,
దాంట్లో ముక్కుపుడక లేదు.

ఒప్పుకుంటా, నాకు సుఖమే అనిపించింది.
తప్పు నాది కాదు, చుక్కది.
ఇంటికి పోయి ఇంత ఉగ్గాని తిని పండుకోవచ్చు.
"ఖాయమా?" అని అడిగింది తెర.
కింద అవును, కాదు.
"ఉండు, ఆలోచిస్తాండా" అనే దానికి చోటు లేదు.

పక్కన కూచున్న గౌసియా అనింది:
"సార్, ఇది అడిగినదానికే జవాబు చెప్తాది.
ఎంతమంది ఆలస్యమని అడిగితిమి,
ఎందుకాలస్యమని అడగలేదు."
ఏదో నొక్కింది.
చాటలో కొర్రలు చెరిగితే
రాళ్ళన్నీ ఒక మూలకు చేరినట్టు
పేర్లు ఊర్ల వారీగా సర్దుకున్నాయి.

సుంకమ్మ, తొమ్మిదీ పదిహేడు.
ఈరక్క, తొమ్మిదీ పదిహేడు.
చిన్న మారెక్క, తొమ్మిదీ పద్దెనిమిది.
గాదిలింగప్ప, మళ్ళీ పదిహేడే.
నాలుగు వేళ్ళు, ఒక బస్సు.
కణేకల్లు దావ.
ఆషాఢం గాలికి హగరి ఇసుక లేచి
తారు మీద ఎక్కి కూచుంటాది.
బస్సు దిగి తోసేది ఆడోళ్ళే.
నాకు తెల్దా? ఆ ఇసుక నా కండ్లల్లోనూ పడింది.
తెలుసు.
తెలిసింది ఆ పొద్దు పనికి రాలేదు, అంతే.

ఆ పక్కనే ఇంకో గడి తెరుచుకుంది.
నేను తెరవమనలేదు.
ఓవర్‌టైం ఎవురికి, రాసిచ్చింది ఎవురు.
నా పేరు కింద పదైదు మంది.
పదకొండు మందిది గుమ్మగట్ట.

గుమ్మగట్ట నా ఊరు.

ఒక్కరికీ పక్షం చేసినట్టు గుర్తు లేదు.
అడిగినారు, ఇచ్చినా.
వాళ్ళే ఎక్కువ అడిగినారేమో,
వాళ్ళకే అడిగే చనువుందేమో.
నా జేబులో ఎన్నడూ
రబ్బరు లేదనుకున్నా.
గౌసియా నా వైపు చూడకుండా
నీళ్ళ సీసా మూత తిప్పి, మళ్ళీ బిగించింది.

కారణం రాయమని ఒక గడి, రెండు వందల అక్షరాలు.
ఒక్కో వేలితో కొట్టినా:
"మూడో లైను తొమ్మిదిన్నరకు మొదలు,
సాయంత్రం అరగంట ఎక్కువ, గాలి తగ్గేదాకా.
ఓవర్‌టైం ఇంక వంతుల ప్రకారం, సగానికి సగం."
లెక్క వేసింది కంప్యూటరు.
మిగిలే కూలి నలుగురి జీతానికి
మున్నూరు రూపాయలు తక్కువ.
ఆ మున్నూరుకు ఓనరు కాడ తిట్లు తినాల, తింటా.

నాలుగు చుక్కలు పసుపుకు తిరిగినాయి.
రెండు ఎర్రగానే ఉండాయి.
వాటికి ఏ బస్సూ దొరకలేదు, ఏ గాలీ దొరకలేదు.
రేపు పిలిచి చెప్పాల.
అది నోటితో చేసే పని, దానికి గడి లేదు.

ఎనిమిదిన్నర బస్సులో
ఓవర్‌టైం దిగిన మా ఊరోళ్ళు పదకొండు మందీ ఉండారు.
"రా మామా" అని ఒకడు జరిగి చోటిచ్చినాడు.
కూచున్నా.