తొమ్మిదో నంబరు సీటు

ఏడూ పదికి సెంట్రల్ స్టేషన్ పక్కన
ఎడ్డీ అవెన్యూలో తెల్ల మినీ బస్సు.
రాత్రి డ్యూటీ దిగి అటునుంచటే వచ్చాను.
జుట్టులో ఇంకా వార్డు వాసన,
అరచేతిలో ఎవరిదో బీపీ, నీలి ఇంకుతో.
నూట ఇరవై తొమ్మిది డాలర్లు, భోజనం మనదే.

ఆరేళ్ళుగా పదకొండో అంతస్తు కిటికీలోంచి
సిడ్నీకి పడమటి అంచున ఒక గీత చూస్తున్నాను.
"అవి కొండలా, మబ్బులా?" అని
నాలుగో బెడ్డు మిసెస్ పాపాస్ ఒకసారి అడిగింది.
తెలీదన్నాను.
అది పంటి సందున పీచులా ఉండిపోయింది.

డ్రైవరూ గైడూ ఒక్కడే, డెస్మండ్.
మోకాళ్ళదాకా మేజోళ్ళు, చెంపమీద మైకు.
తలలు లెక్కపెట్టాడు: పదమూడూ, ఒక చంటిదీ.
"తిరిగొచ్చేటప్పుడూ ఇదే లెక్క రావాలి,
లేకపోతే నాకు రాతపని ఎక్కువ."
పెన్రిత్ దాటితే నది, నది దాటితే ఎక్కుడు,
ఎక్కుడు మొదలయ్యేసరికి నేను లేను, నిద్ర.

లేచేసరికి లోకం లేదు.
కన్ను పొడుచుకున్నా కానరాని తెలుపు.
ఎకో పాయింట్‌లో చల్లటి కమ్మీ పట్టుకుని
వరసగా నిలబడ్డాం,
టిక్కెట్టు కొనుక్కుని ఏమీ లేనిదాన్ని చూడ్డానికి.
డెస్మండ్ చూపుడువేలు గాల్లో పెట్టి
"ఇక్కడ మూడు శిలలు, అక్కచెల్లెళ్ళు.
ఇక్కడ గోడ. కింద, బాగా కింద, అడవి"
అంటూ మంచుమీద గీశాడు.
వాళ్ళ కథేమిటని ఎవరో అడిగితే
"అది నాది కాదు. సొంతదార్లున్నారు,
వాళ్ళ నోట వినాలి" అని వేలు దించేశాడు.

దూరపు కొండలు నునుపంటారు.
దగ్గరికొస్తే కొండలే లేవు.

వాసన మాత్రం ఉంది.
చిన్నప్పుడు జలుబు చేస్తే
అమ్మ రుమాలు మీద రెండు చుక్కలు వేసేది.
సీసా మీద పేరు నీలగిరి తైలం.
ఆ పేరులో కొండ ఉందనీ, అది నీలమనీ
ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాక,
ఏమీ కనిపించని చోట నిలబడితే గాని తట్టలేదు.

చేతులు కొంకర్లు పోయి టీ కోసం వెళ్ళాను.
క్యూలో నా ముందు ముగ్గురు.
నా వంతు వచ్చి, చక్కెర ఎంతని ఆ పిల్ల అడుగుతుండగా
బయట ఒక్కసారి కేకలు.
పరిగెత్తాను, సగం టీ మణికట్టు మీద.
అప్పటికే తలుపేసేసింది తెలుపు.
నలభై సెకన్లట. ఇంకెవరో నిమిషమన్నారు.

తిరుగు దారిలో
జాలిపడి తలా ఒక ముక్క నాకు పెట్టారు.
"ఎర్రగా, కాదు, కాల్చిన ఇటుక రంగు"
మనీలా టీచరమ్మ లిగాయా.
"రొట్టె తుంచినట్టు ఉంది ఆ గోడ"
లూధియానా కుర్రాడు, ఆకలి మీదున్నాడు.
కొరియా దంపతులు ఫోను చూపించారు,
అందులో వాళ్ళిద్దరి మొహాలే ఉన్నాయి,
వెనక ఓ మూల గోరంత నీలం.
ముందు సీట్లోంచి చంటిది నావైపు తిరిగి
రెండు అరచేతులతో మొహం మూసుకుంది,
తీసింది, నవ్వింది,
మళ్ళీ మూసుకుంది.
అందరికంటే బాగా చెప్పింది అదే.

డెస్మండ్ ఏమీ చెప్పలేదు.
ఎమూ ప్లెయిన్స్ దగ్గర అద్దంలో చూసి
"తొమ్మిదో నంబరు సీటు, మణికట్టు కాలిందా?" అన్నాడు.
లేదన్నాను. కాలింది.

మర్నాటి రాత్రి డ్యూటీ మారుతూ
రోజలిన్ అడిగింది, కొండలు ఎలా ఉన్నాయని.
కాల్చిన ఇటుక రంగన్నాను.
తుంచిన రొట్టెలా ఉన్నాయన్నాను.
ఆగకుండా చెప్పేశాను, నేను చూసినట్టే.
అందులో అబద్ధం ఎంతో నాకు తెలీదు.
నేను లేని పూటల జ్వరాలు, దగ్గులు, మూలుగులు
ఇంకొకరి రాతలో చదువుకుని
కింద సంతకం పెట్టడమే కదా నా ఉద్యోగం.

ఫైలు తెరిచాను.
మణికట్టు మీద చిన్న బొబ్బ, చిదపలేదు.