నాలుగు వేళ్ళ సందు

రాణిగంజ్ గల్లీలో గొంతుకూర్చుని
టైరుకీ మడ్‌గార్డుకీ నడుమ చెయ్యి దూర్చి
"నాలుగు వేళ్ళు" అన్నాడు ఖలీల్ భాయ్.

"స్ప్రింగులేస్తే సగానికి దిగుతది. మల్ల లేవదు.
కాయిలోవర్లయితే మర తిప్పుకుంటూ పో,
మూసాపేట గుంతలకు మీదికి,
అవుటర్ రింగ్ రోడ్డుకు కిందికి.
తిప్పుతవా మరి?"

కొన్నప్పట్నుంచి
సీటు కూడా జరుపుకోని మనిషిని నేను.
రెండు ధరల మధ్య తేడా
నా మూడు నెలల పెట్రోలు.

మళ్ళీ చూశాను ఆ చేతిని.
బొటనవేలు పోను, ఉన్నవి మూడే.
నాలుగోది లెక్కలో మాత్రం
ఇంకా ఉంది.

నేను అడగలేదు.
తనే బల్లకింది పాత స్ప్రింగును
చెప్పుకాలితో దొర్లించాడు:
"నొక్కి పట్టినంతసేపు
దీనంత బుద్ధిమంతురాలు లేదు."

షెడ్డు రేకుల మీద చినుకు మొదలైంది.
"చెప్పు సాబ్, ఏది బిగియ్యాలె?"